ఎర్రచుక్క సీసాలు

“ఎర్రచుక్క సీసాల్లో తేడా ఏమైనా తేలిందా?” అడిగారు ప్రొఫెసర్ పార్థసారథి.

అరుంధతి ఒక్కో సీసా ఎత్తి అడుగు చూసింది. మళ్ళీ అదే. పండ్ల మీద ముసిరే ఈ చిన్న ఈగలకి నిన్న వెలుగు వైపు వెళ్ళినప్పుడల్లా చిన్న కరెంటు షాకు తగిలింది. మందు తిన్నవీ తిననివీ, ఇవాళ అన్నీ వెలుగుకి దూరంగానే ఉన్నాయి.

“ఇది ఆరోసారి,” అన్నారాయన. “నరాల కణాల్లో ఆర్ఎన్ఏ తయారుకాకుండా ఆపినా ఈగకి జ్ఞాపకం పోవడం లేదు. జ్ఞాపకం ఆర్ఎన్ఏలో ఉంటుందన్న నీ ఊహ తప్పమ్మా. అదే రాసి ఇచ్చేయి. జూన్ నుంచి ఈ బల్ల వేరేవాళ్ళకి.”

రెండేళ్ళ చాకిరీ. ఈగల పిచ్చిదని హాస్టల్లో వెక్కిరించినా పడింది. ఆ మందు విదేశం నుంచి రావడానికే ఏడు నెలలు పట్టింది. ఏ సీసాలో మందుందో చూసే మనిషికి ముందే తెలియకూడదని పద్ధతి. అందుకే ఈగలకి బెల్లం, మొక్కజొన్నపిండి ఉడికించే బుచ్చవ్వ చేతికే మందు అప్పగించారు. కలిపిన సీసా అడుగున ఎర్రచుక్క పెట్టడం ఆమె పని. బుచ్చవ్వ ఒక్కరోజు నాగా పెట్టలేదు. ఆఖరి విడతతో మందు సరిగ్గా అయిపోయింది.

సాయంత్రం అరుంధతి రిపోర్టు మీద సంతకం చేసి, 1968 మే 18 అని తేదీ వేసి, ఇచ్చేసింది.

తార్నాక బస్టాపు దాకా బుచ్చవ్వ తోడు నడిచింది.

“మీ ఆయనకి ఎలా ఉంది?” ఏదో ఒకటి మాట్లాడాలని అడిగింది అరుంధతి.

“గట్లనే ఉన్నడమ్మా. మిల్లుల పడి తలకు దెబ్బ తాకినకాంచి నన్ను గుర్తువడుతలేడు. నువ్వెవలని అడుగుతడు. మర్సిపోవుడు సావుకన్న అధ్వాన్నం.”

జ్ఞాపకం ఎక్కడుంటుందో తెలిస్తే అలాంటివాళ్ళకి ఎప్పటికైనా వైద్యం దొరుకుతుందనే కదా ఇదంతా. ఆ సంగతి అరుంధతి బుచ్చవ్వకి ఏనాడూ చెప్పలేదు. అడిగినప్పుడల్లా, “ఈగలకి మరుపు తెప్పించే మందు. నీకు అర్థం కాదులే,” అనేసేది. ఇప్పుడు చెప్పినా లాభం లేదు. ఏడుపు ఆగలేదు.

“ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా? నోరులేని జీవాలకు మరుపు మందు వెట్టించినందుకు పాపం తగులుతదనా?”

దూరంగా బస్సు వస్తోంది.

బుచ్చవ్వ దగ్గరికొచ్చి, కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది.

“నీకే పాపం లేదమ్మా. ఆ మందంత మోరిల పారవోసిన. నేను ఒక్కనాడు సుత కలపలే.”