మందు చేసిన మచ్చలు

బావ అక్క మీద చేయి చేసుకుంటాడా? ఎనిమిదేళ్లుగా తమ్ముడి మనసులో ముల్లులా దిగి ఉన్న అనుమానం అది. ఆ ఉదయం పై అరలోని డబ్బా కోసం అక్క చేయెత్తగానే ఆ ముల్లు మళ్లీ కలుక్కుమంది. మోచేతికి పైన నాలుగు నీలిమచ్చలు, వరుసగా.

"ఏంటక్కా అది?"

"ఏది?" అక్క గబుక్కున కొంగు లాక్కుంది.

"దాచకు. బావ ఎక్కడ?"

"బడికి వెళ్లారు. అరవకురా, పక్కవాళ్లు వింటారు."

"విననీ. లెక్కల మాస్టారు నోట్లో వేలు పెట్టినా కొరకడంటారుగా అందరూ. మేకవన్నె పులి అని నేను ఆనాడే చెప్పాను."

ఆనాడంటే ఎనిమిదేళ్ల కిందట. అక్క చెంప కమిలి ఉంటే చూసి ఉండబట్టలేక, నలుగురిలో బావ కాలరు పట్టుకున్నాడు. జారిపడ్డానని అక్కే చెప్పింది. పెద్దంతరం చిన్నంతరం లేదా, బావను క్షమాపణ అడగమని అమ్మ మొత్తుకుంది. తమ్ముడిది వెల్డింగు పని. ఇనుమైనా వంగుతుంది గానీ తాను వంగనన్నాడు. అమ్మ పోయింది. ఆ ఒక్క మాటా బాకీగానే ఉండిపోయింది.

ఇప్పుడు మళ్లీ చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు. "బడికే వెళ్తాను. పిల్లలందరి ముందే అడుగుతాను."

అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తమ్ముడి మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, మాత్రల అట్ట తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నాకు గుండెజబ్బురా చిన్నోడా."

"ఏంటి?"

"లయ తప్పి కొట్టుకుంటోందట. లోపల రక్తం గడ్డకట్టకుండా పలచన చేసే మందు ఇది. దీంతో ఒళ్లు పువ్వులా అయిపోతుంది. మొన్న బస్సులో పడబోతే ఎవరో చేయి పట్టుకున్నారు. మామూలుగా అయితే మచ్చ పడేదే కాదు."

"ఎన్నాళ్ల నుంచి వాడుతున్నావు?"

"తొమ్మిదేళ్లు."

తమ్ముడు వేళ్ల మీద లెక్కపెట్టాడు. "అయితే ఆనాడు చెంప మీద..."

"అదీ దీనివల్లే. నీకు చెబితే ఇదిగో, ఇలా ఇల్లు పీకి పందిరి వేస్తావని చెప్పలేదు."

తమ్ముడు చెప్పులు విడిచాడు. కోపం మాత్రం విడవలేదు. అది బావ మీద నుంచి లేచి డాక్టరు మీద వాలింది.

"మనిషిని ఇలా కమిలిపోయేట్టు చేసేది మందా, విషమా? మోతాదు చూసే ఇస్తున్నాడా ఆయన?"

"చూసే ఇస్తారు. నెలనెలా రక్తపరీక్ష ఉంటుంది. మళ్లీ రేపే..." అక్క నాలుక కరుచుకుంది. "నువ్వేం రానక్కర్లేదు. పని చెడగొట్టుకోకు."

వద్దంటే ఆగే రకమైతే వాడు చిన్నోడెందుకవుతాడు? మర్నాడు ఊళ్లో ఉన్న ఒక్క క్లినిక్కు తలుపులు తీసేసరికే గుమ్మంలో ఉన్నాడు. కాసేపటికి అక్కా బావా వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. తమ్ముణ్ని చూడగానే అక్క మొహం పాలిపోయింది. ఒంట్లో చుక్క రక్తం ఉన్నట్టు లేదు అనుకుని, అతడు ఇంకా మండిపోతూ నర్సు బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఆ రక్తం పలచన చేసే మందు తగ్గించరా మీరు? పట్టుకుంటే కమిలిపోతోంది మనిషి."

నర్సు రాస్తున్న కాగితం మీద నుంచి తలెత్తలేదు. "మీరు కేకలేస్తే తగ్గేది నా ఓపిక, మోతాదు కాదు."

"తొమ్మిదేళ్లుగా ఇదే మందు. సగం చేస్తే మీ సొమ్మేం పోతుంది?"

"నాదేం పోదు. తగ్గిస్తే గుండెలో కట్టిన గడ్డ మెదడుకి పోతుంది. కాలూ చేయీ పడిపోతాయి, మాట పడిపోతుంది. పోనీ పెంచుదామా? కడుపులో రక్తం కారుతున్నా చాలాసేపు తెలియదు. ఇటు గొయ్యి, అటు నుయ్యి. మధ్యలో జానెడు గట్టు. పరీక్షలో అంకె రెండుకీ మూడుకీ మధ్య ఉంటే గట్టు మీద ఉన్నట్టు."

"మరి మచ్చలో?"

"మచ్చలదేముంది, మానిపోతాయి. మరీ ఎక్కువైతే డాక్టరుగారికి చూపించండి. ముందు కూర్చోండి."

తమ్ముడు వచ్చి బావ పక్కన కూలబడ్డాడు. కోపానికి ఇక పోవడానికి చోటు లేక, తన మీదికే తిరిగింది. కంటితో చూడని పాపాన్ని ఇన్నేళ్లూ ఒక పెద్దమనిషికి అంటగట్టాడు. రోజూ దేవుడికి దండం పెట్టిన చేతులే కదా ఆనాడు ఆ కాలరు పట్టుకున్నవి. ఆ చేతుల దండం దేవుడు తీసుకుని ఉంటాడా?

"బావా."

"చెప్పవయ్యా."

"ఆనాడు నలుగురిలో మీ కాలరు పట్టుకున్నాను. బుద్ధి గడ్డి తింది. నన్ను క్షమించండి."

"ఇప్పుడెందుకురా అవన్నీ." అక్క అడ్డొచ్చింది.

బావ ముందు తెల్లబోయాడు. అక్క వైపు ఒకసారి చూశాడు. తర్వాత మెత్తగా నవ్వి తమ్ముడి భుజం తట్టాడు. "పోనీలేవయ్యా. అక్క మీద ప్రేమ కొద్దీ చేశావు. నేనెప్పుడో మరిచిపోయాను."

అమ్మ అడిగిన మాట ఇన్నాళ్లకు తీరింది. తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటి మనిషినా తాను అన్నేసి మాటలన్నది.

నర్సు సూది సిద్ధం చేసి పిలిచింది. "ఆ మాత్రలు వాడేవారి వంతు వచ్చింది. వచ్చి ఇక్కడ కూర్చోండి."

తమ్ముడు అక్కను చేయి పట్టుకుని లేపబోయి, కమిలిపోతుందని గుర్తొచ్చి వదిలేశాడు. అక్క తల దించుకుంది. కదల్లేదు.

చొక్కా చేయి మడుచుకుంటూ బావ లేచాడు.