గళ్ల మరక

పేరమ్మ పొద్దున తొమ్మిదికి వచ్చి ఆఫీసు రిసెప్షన్‌లో నేల మీద కూర్చుంది. మధ్యాహ్నం రెండైనా లేవలేదు.

ఊరికే కూర్చోలేదు. సంచిలోంచి పాత వల ముక్క తీసి, తెగినచోటల్లా ముడులు వేసుకుంటోంది. ఏసీ గదంతా ఉప్పునీళ్ల వాసన.

ముందు ఆమెను పంపించెయ్యమని ఎండీ గిరిబాబు క్యాబిన్‌లోంచే రిసెప్షన్ చూసుకునే ప్రత్యూషకు ఫోన్ చేశాడు. అద్దంలోంచి ముసలమ్మను ఒక్కసారి చూసి, కర్టెన్ లాగేసుకున్నాడు.

ప్రత్యూషకు అసలే తల గోక్కునే తీరిక లేదు. కాగితాలను కంప్యూటర్లో భద్రం చేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లది. రేపే పదేళ్ల ఫంక్షన్. తను రాస్తున్న కంపెనీ చరిత్ర పుస్తకం సాయంత్రానికి ప్రెస్సుకు పోవాలి.

మొదటి పేజీ గిరిబాబు దగ్గరుండి రాయించాడు. అప్పట్లో ఆయనది గూడూరులో జిరాక్స్ షాపు. వరదొచ్చి పులికాట్ ఒడ్డున చేపల సంఘం ఆఫీసు మునిగింది. తడిసిన కాగితాలన్నీ ఇసుక మీద ఆరబెట్టి స్కాన్ చేశాడు. అంత గాలిలోనూ ఒక్క కాగితం ఎగిరిపోలేదు. దేవుడి దయ అని రాయమన్నాడు, రాసింది.

ఆ కాగితాల నిండా ఎందుకో సన్నటి గళ్ల మరకలు పడ్డాయి. వాటిని చెరిపే ప్రోగ్రామ్ ఒకటి తయారు చేయించాడు. కంపెనీకి పేరు తెచ్చింది అదే.

స్కానయ్యాక కంపెనీలోనే ఉండిపోయిన ఆ కాగితాల్లో పేరమ్మ అడిగేది ఒక్కటి. సరస్సులో తమ జాలరి కుప్పం ఎక్కడ వల వేసుకోవాలో పెద్దలు వేలిముద్రలు వేసి రాసుకున్న ఒప్పందం. ఇప్పుడా నీళ్లకు ఎవరో రొయ్యల ఆసామి కంచె వేశాడు. సోమవారం విచారణ. అసలు కాగితం చూపిస్తేనే నీళ్లు వాళ్లవి.

"రసీదు ఉంటేనే ఇస్తారు అవ్వా," అంది ప్రత్యూష.

"వరదలో రసీదు అడిగేదానికి బుద్ధి పుట్టలా పాపా."

రసీదు లేని కాగితాలు పదేళ్లు దాటితే ముక్కలు చేసే మిషన్లోకి పోతాయి. అది కంపెనీ రూలు. రూలు ఎప్పుడూ పెట్టినవాడిని వదిలి మిగతా అందరి మీదా పడుతుంది.

ప్రత్యూషకు జాలేసింది. కంప్యూటర్లోంచి ఆ ఒప్పందం ప్రింటు తీసి ఇచ్చింది.

పేరమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"ఇది మాది కాదు. మా కాగితం మీద గళ్లుంటాయి."

"అది మురికి అవ్వా. మా సాఫ్ట్‌వేర్ చెరిపేసింది. చూడు, ఎంత తెల్లగా ఉందో."

"చెరిపేసినారా," అంది పేరమ్మ. తర్వాత మోకాళ్లు పట్టుకుని లేచింది.

"సరే. ఏరు దాటినాక తెప్పతో పనేముందిలే. కాగితం లేకపోయినా నోరుండాది. కంచె పీకేదానికి చేతులుండాయి."

పోతూ పోతూ వల ముక్కను ప్రత్యూష టేబుల్ మీద పెట్టింది.

"ఇది ఉంచుకోండి. వరద మళ్లీ వస్తాది. ఈసారి నేను రాను."

ప్రత్యూష ముక్కు మూసుకుని, స్కేలుతో దాన్ని పక్కకు నెట్టింది.

నాలుగున్నరకు అటెండర్ హజరత్తయ్య పాత కాగితాల గోతాలు మిషన్ దగ్గరికి మోస్తున్నాడు. పేరమ్మ పోయినప్పటి నుంచి ప్రత్యూషకు పని సాగడం లేదు. ఆ "చెరిపేసినారా" చెవిలోంచి పోవడం లేదు.

లేచి వెళ్లి గోతాలు ఆపింది. మూడో గోతాంలో దొరికింది ఒప్పందం. వేలిముద్రల మీదుగా బురదరంగు గళ్లు. అన్నీ ఒకే తీరు, ఒక్క మూల మాత్రం పెద్ద గడి, దాని పక్కన రెండు చిన్నవి.

టేబుల్ మీది వల ముక్కలోనూ ఒక మూల అదే మాసిక ఉంది. తెచ్చి కాగితం మీద పరిచింది. గడి మీద గడి కూర్చుంది.

బస్టాపుకు పరిగెత్తింది. పేరమ్మ ఎక్కిన బస్సు వెళ్లిపోయి గంటయిందట.

తిరిగొచ్చేసరికి గిరిబాబు టేబుల్ దగ్గరే నిలబడి ఉన్నాడు. ప్రెస్సువాళ్లు ఆగడం లేదన్నాడు.

"మొదటి పేజీ మారుస్తున్నా సార్. రేపు ఫంక్షన్‌కు రాను. ఈ కాగితం తీసుకుని అవ్వ దగ్గరికి దొరవారిసత్రం పోతున్నా."

"ఉద్యోగం వద్దా?"

"ఇది చెరిపే ఉద్యోగమైతే వద్దు."

గిరిబాబు వల వైపు చూసి, క్యాబిన్లోకి వెళ్లిపోయాడు.

ప్రత్యూష కూర్చుని మొదటి పేజీ తెరిచింది. అంత గాలిలోనూ ఒక్క కాగితం ఎగిరిపోలేదన్న వాక్యం దగ్గర 'దేవుడి దయ' అన్న రెండు మాటలు కొట్టేసి, ఆ చోట 'పేరమ్మ కప్పిన వల' అని రాసింది.