శనివారం మధ్యాహ్నం లోపు

"ఒక్క బండితోనా? కుదరదు," అన్నాడు హారిబ్.

ఖైస్ నవ్వాడు. మస్కట్‌లో తెల్లవారుజామున బయల్దేరి, ఏడు గంటలు బండి నడుపుకుంటూ వచ్చిన మనిషి. పక్కన భార్య శరీఫా, వెనక సీట్లో ఆరేళ్ళ కూతురు జోఖా. ముందు ఎనభై కిలోమీటర్ల ఎడారి, దాని తర్వాత సముద్రం. ఒడ్డున గుడారం వేసుకుని రెండు రాత్రులు గడపాలని వాళ్ళ సరదా. ఆ దారిలో ఇదే ఆఖరి దుకాణం. పెట్రోలు కావాలన్నా, నీళ్ళు కావాలన్నా హారిబ్ దగ్గర ఆగాల్సిందే.

"మా బావమరిది వెనక వస్తున్నాడు బాబాయ్. గంటలో ఇక్కడుంటాడు. ఈలోపు మేం మెల్లగా పోతుంటాం."

"గంటేగా? కూర్చో. కలిసే కదలండి."

"మీరేమన్నా పోలీసులా?"

"కాదు. పెట్రోలు పోసేవాణ్ణి. పొయ్యను."

హారిబ్ చాదస్తం ఆ తీరమంతా తెలుసు. మూడేళ్ళుగా మరీ ముదిరింది. చేపల లారీవాళ్ళు అతన్ని చాటుగా 'అత్తగారు' అంటారు. అంటూనే, అడిగినవాటికన్నిటికీ బుద్ధిగా జవాబు చెప్పి వెళతారు.

చేసేది లేక ఖైస్ దిగాడు. హారిబ్ పుల్లతో నేల మీద దారి గీశాడు.

"ఇక్కడ ఉప్పు పర్ర తగులుతుంది. చూపుకి గట్టి నేలే. పైన అప్పడం, కింద బురద. పాత చక్రాల జాడలు కనిపించాయని సంబరపడి వాటి వెంట పోకు. అవి లోపలికి పోయినవే, తిరిగొచ్చినవి కావు. చుట్టు తిరిగి రాళ్ళదారిన పో. గుడారం ఎక్కడ వేస్తావు?"

"నీళ్ళ దగ్గరే. పాప ఆడుకుంటుంది."

"ఎండిన నాచు గీతలా పడి ఉంటుంది. పోటు అందాకా వస్తుంది. దానికి పైన వెయ్యి. బండి దిగబడితే నీడ కోసం దాని కిందికి దూరండి గానీ, నడిచి మాత్రం పోవద్దు. అక్కడ ఫోన్లు పలకవు."

మోకాళ్ళు కలుక్కుమంటున్నా ఎండలో కూర్చుని, ఇసుకలో కూరుకుపోకుండా నాలుగు చక్రాల్లోనూ గాలి సగానికి తనే తీశాడు. తర్వాత మూడు డబ్బాల నీళ్ళు తెచ్చి బండిలోకి ఎక్కించాడు.

"ఇన్ని నీళ్ళా! మేమేం ఒంటెలమా బాబాయ్?"

"ఒంటెలైతే ఇవి అక్కర్లేదు."

శరీఫా పకపకా నవ్వింది. జోఖా మాత్రం హారిబ్ అంగీనే తేరిపార చూస్తోంది.

"తాతా, నీ జేబు కుట్టేసి ఉందేంటి?"

"మా ఇంటావిడ కుట్టింది తల్లీ."

"లోపలికెళ్ళిన చిల్లర మళ్ళీ బయటికి రాకూడదని!" అన్నాడు ఖైస్. హారిబ్ నవ్వలేదు. కహ్వా కాఫీ గిన్నె అందుకుని, చిన్న కప్పుల్లో అడుగున కాస్త కాస్త పోసి, ఖర్జూరాల పళ్ళెం ముందుకు జరిపాడు.

"మీ భయం నాకు తెలుసులెండి," అన్నాడు ఖైస్ కాస్త మెత్తబడి. "మూడేళ్ళ కిందట ఆ తెల్లబండి వాళ్ళు పోయింది ఇటేగా? పేపర్లో చదివాను. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. పర్రలో దిగబడ్డారట. ఆయన నడిచిపోయి ఎక్కడో పడిపోయాడట. తల్లీపిల్లలు బండి కిందే... తొమ్మిదో రోజుకి గానీ దొరకలేదట."

"పాప వింటోంది," అంది శరీఫా.

"అది కాదే, ఎంత తెలివితక్కువ! ఎటు వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో ఒక్కళ్ళతో చెప్పి వెళ్ళినా బతికేవాళ్ళు. అంతేగా బాబాయ్?"

హారిబ్ ఖైస్ కప్పులో మళ్ళీ కహ్వా పోస్తున్నాడు. కప్పు నిండింది, పొర్లింది, అయినా పోస్తూనే ఉన్నాడు. అక్కడ అతిథికి నిండు కప్పు ఇస్తే ఇక లేచి వెళ్ళమని అర్థం. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి.

"ఏంటి బాబాయ్, పొమ్మంటున్నారా?" అన్నాడు ఖైస్, చెయ్యి దులుపుకుంటూ.

"చూసుకోలేదు నాయనా. ముసలాణ్ణి, ఏమీ అనుకోకు."

బావమరిది, అతని భార్య తమ బండిలో వచ్చాక గానీ పెట్రోలు పొయ్యలేదు. పోశాక కూడా, ట్యాంకు తెరవడానికి తీసుకున్న బండి తాళం తిరిగి చేతికివ్వలేదు. కాగితం, పెన్ను ముందు పెట్టాడు.

"రాయి. ఎంతమంది, ఏ ఒడ్డు, తిరిగొచ్చేది ఎప్పుడు."

"మీరు వదిలేలా లేరు!" ఖైస్ రాశాడు. 'రెండు బండ్లు. అయిదుగురం. రాళ్ళదారి చివరి ఒడ్డు. శనివారం మధ్యాహ్నం లోపు వస్తాం.'

హారిబ్ దాన్ని పైకి రెండుసార్లు చదివాడు.

"శనివారం మధ్యాహ్నం దాటిందా, నా బండేసుకుని వచ్చేస్తాను. అప్పుడు మీరు హాయిగా పడుకుని ఉన్నా లేపి తిట్టి మరీ వస్తాను."

"అలాగే అత్తగారూ!" అన్నాడు బావమరిది. వాడికి ఎవరు చెప్పారో మరి. జోఖా కిటికీలోంచి చెయ్యి ఊపింది.

దుమ్ము కనుమరుగయ్యేదాకా హారిబ్ గుమ్మంలోనే నిలబడ్డాడు. భయంగానే ఉంది. ప్రతిసారీ ఉంటుంది. చీటీ పట్టుకుని లోపలికి వచ్చాడు. తలుపుకి సరిగ్గా కంటి ఎత్తున ఒక మేకు ఉంది. దాన్ని చూడకుండా ఎవరూ బయటికి పోలేరు. చీటీని ఆ మేకుకి గుచ్చాడు.

దాని కింద ఇంకో చీటీ ఉంది, మూడేళ్ళ కిందట ఇలాగే ఒకాయన రాసిచ్చి వెళ్ళింది. నీళ్ళలో నాని అక్షరాలు అలుక్కుపోయిన ఆ పాత కాగితాన్ని, తెల్లబండి వాళ్ళ శవాలు ఊళ్ళోకి వచ్చిన మర్నాడు, హారిబ్ ముందటి వారం శుక్రవారం నమాజుకని మార్చుకుని విడిచేసిన అంగీని ఉతుకుతూ, భార్య దాని జేబులోంచి తీసింది.