ఊడిన కుట్టు

"మల్ల గాడనే ఊడింది, అక్కా!"

సింధు బ్యాగును తిరగేసి కుట్టుమిషన్ మీద పెట్టింది. లోపలి లైనింగు అడుగున బెత్తెడు మేర కుట్టు విడిపోయి, తెల్లటి ఫోమ్ తొంగిచూస్తోంది. ప్రేమలత కళ్లజోడు సర్దుకుని దాన్ని వేలితో తడిమింది. మట్టెవాడలో ఫోమ్ బ్యాగులంటే ఆమె పేరే చెబుతారు. అలాంటి మనిషి కుట్టిన బ్యాగు ఇలా ఊడిరావడం ఇది మూడోసారి.

"తప్పు నాదే చెల్లె. కూసోండ్రి, ఇప్పుడే కుట్టి ఇస్త."

సింధు వెనకాలే ఆమె అత్త భద్రమ్మ గడప దాటి వచ్చింది. ఎవరూ చెప్పకముందే మిషన్ పక్కనున్న స్టూలు మీద పుట్టింటికి వచ్చినంత దర్జాగా కూర్చుంది. ఆ బ్యాగు ఆమెదే. తన పాత నూలు చీరలు ఇచ్చి ముచ్చటపడి కుట్టించుకుంది. పైన చీర ముక్కలు, మధ్యలో ఫోమ్, లోపల లైనింగు. బ్యాగును మొత్తం తిరగేసి కుడతారు. లైనింగులో కుట్టకుండా కాస్త నోరు వదిలి, అందులోంచి మొత్తాన్నీ బయటికి లాగి, అప్పుడు ఆ నోరు మూస్తారు. భద్రమ్మ బ్యాగుకు ఊడుతున్నది ఎప్పుడూ ఆ నోరే.

"మిషన్ మీద గట్టిగ ఒక కుట్టు వేస్తే అయిపాయె గద అక్కా?"

"మిషన్ కుట్టయితే గీత కనపడ్తది. చేతికుట్టే నీటుగుంటది."

సింధు గొంతు తగ్గించింది. నిజానికి తగ్గించాల్సిన పని లేదు. దగ్గర కూర్చుని చెబితే తప్ప భద్రమ్మకు వినపడదు, ఫోన్‌లో అయితే ఒక్క ముక్క కూడా అర్థం కాదు.

"నాకు మా అత్తమ్మ మీదనే డౌటు. హన్మకొండ ఫ్లాట్ల పొద్దంత టీవీ ముందట కూసుంటది, ఎవరొచ్చినా రెండు మాటలు మాట్లాడది. ఈడికొస్తె చాలు, నోరు ఆగదు. గోర్లతోని ఆమెనే పీకుతాంది కావచ్చు."

సంగతి తన గురించేనని పసిగట్టిందేమో, భద్రమ్మ పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఎటో చూస్తూ చేతులు కొంగులో దాచుకుంది.

"పెద్దమ్మను అనకు చెల్లె. చెప్పిన గద, తప్పు నాదే," అంది ప్రేమలత సూదిలోకి దారం ఎక్కిస్తూ.

సింధు నమ్మలేదు. ముసలమ్మను వెనకేసుకొస్తోందని తెలుస్తూనే ఉంది.

"నీ మంచితనమే నీ పేరు చెడగొడ్తది అక్కా. మా చెల్లె పెండ్లిల రిటర్న్ గిఫ్టులకు బ్యాగులు నీతోనే కుట్టిద్దామనుకున్నం. ఇది చూసి మా అమ్మోళ్లు భయపడ్తాన్రు. ఊడితే ఈమె ఊకోదు, నేను మల్ల తేవుడు ఎట్లన్న తప్పది. కని ఆ ఆర్డర్ మాత్రం వేరేవాళ్లకు పోతది."

పెళ్లి ఆర్డరంటే మాటలు కాదు. పాత బ్యాగులకు జిప్పులు మార్చీ పట్టీలు వేసీ నెట్టుకొస్తున్న ప్రేమలత అలాంటిదాని కోసం ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తోంది. తలూపింది. సింధు ఆటో మాట్లాడటానికి బయటికి వెళ్లింది.

సూది కదలడం చూడగానే భద్రమ్మకు ప్రాణం లేచివచ్చింది.

"మీ అమ్మకు గిట్ల సూది పట్టుడు రాకపోయేది బిడ్డా!"

ప్రేమలత తల్లి సరస్వతి, భద్రమ్మ ఒకప్పుడు ఇదే వాడలో పక్కపక్క ఇళ్లవాళ్లు. ప్రేమలతకు ఊహ తెలియకముందే సరస్వతి పోయింది. నర్సంపేటలో మేనత్త పెంచింది. ఇంట్లో మిగిలిన ఒక్క పెళ్లి ఫొటోలో కూడా తల్లి సిగ్గుతో తల వంచుకునే ఉంది, ముఖం కనపడదు. ఆమెను ఎరిగినవాళ్లలో ఇప్పుడున్నది భద్రమ్మ ఒక్కతే. ఆ మాటలు వింటుంటే ప్రేమలతకు కడుపు నిండిపోతుంది.

"ఎండాకాలం బొంతలు కుట్టేటోళ్లం. పాత చీరెలు ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలకు నలుగురం కూసునేటోళ్లం. మీ అమ్మ కుట్టు వాగు లెక్క వంకరటింకర పోయేది. నేను తిడితే నవ్వేది."

"గట్టిగ నవ్వేదా పెద్దమ్మా?"

"ఒర్రినట్టు నవ్వేది! వాడవాడంత ఇనపడేది." భద్రమ్మ తనూ నవ్వింది. "నువ్వు కడుపుల ఉన్నప్పుడు నీకని చిన్న బొంత మొదలువెట్టింది. ఆడపిల్లనే పుడ్తదని మస్తు నమ్మకం. జరసేపు కుట్టుడు, కడుపు మీద చెయ్యేసి నిన్ను పేరువెట్టి పిలుసుడు."

ప్రేమలత చేతిలో సూది ఆగింది. "ప్రేమలత అనేనా?"

"కాదు, అది మీ మేనత్త వెట్టింది. మీ అమ్మ పిలిచింది వేరే పేరు."

"ఏం పేరు పెద్దమ్మా?"

నలభై దాటిన మనిషి పసిపిల్లలా ముందుకు జరిగింది. భద్రమ్మ కళ్లు మూసుకుని నుదురు రుద్దుకుంది.

"జర ఆగు... నాలిక మీదనే ఉన్నది... అరె, గిదేం మతిమరుపు దేవుడా!"

బయట ఆటో హారన్ మోగింది. "అయిందా అక్కా? ఆటో ఆయన లొల్లి పెడ్తాండు," అంటూ సింధు లోపలికి వచ్చింది.

"ఒక్క నిమిషం చెల్లె."

భద్రమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా. మల్ల వచ్చినప్పుడు యాదికొస్తది."

"మల్లెందుకొస్తం అత్తమ్మా?" సింధు ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పి నవ్వింది. "ఈసారి అక్క పక్కాగ కుడ్తాంది. పెండ్లి ఆర్డర్ ఉన్నది గద!"

భద్రమ్మ ముఖం చిన్నబోయింది. ప్రేమలత తల ఎత్తలేదు. మిగిలిన నాలుగు కుట్లూ వేసి, దారం కత్తిరించి, బ్యాగును భద్రమ్మ చేతిలో పెట్టింది.

ఎప్పటిలాగే, ముడి వేయలేదు.