పైలట్ సీటుకు ఎయిర్‌బ్యాగు

“ఎయిర్‌బ్యాగు నీ సీటుకే పెడుతున్నానమ్మా,” అన్నారు బావగారు, చిన్న విమానంలోంచి తల బయటపెట్టి.

మొదటిసారి మొగుడి పక్కన ఎగరబోతున్న కొత్త పెళ్లికూతురి మొహం ముడుచుకుంది. “మరి మీ తమ్ముడికో?”

“వాడికొద్దు. వాడు దింపే కుదుపుకి, ప్రమాదమనుకుని అది ఊరికే విచ్చుకోవచ్చు. నీది విచ్చుకుంటే ముక్కు నొప్పి. వాడిది విచ్చుకుంటే చేతులు పట్టు తప్పి ఇద్దరికీ ముప్పు.”

పైలట్ సీట్లోని మొగుడి చెవులు ఎర్రబడ్డాయి. “అన్నయ్యా, పరువు తీయకు.”

“నిజంగానే గుద్దుకుంటే నేనొక్కదాన్నే మిగలాలా? ఇద్దరికీ పెట్టండి.”

“వీడు మెత్తగా దింపితే పెడతా.”

ఆమె ఎక్కబోయిన కాలు వెనక్కి తీసుకుంది. “అయితే నా సీట్లో మీరు కూర్చుని నేర్పండి, బావగారూ.”

అన్నదమ్ములిద్దరూ ఓ చుట్టు ఎగిరొచ్చారు. విమానం కప్పలా గంతులేస్తూ దిగింది. మొగుడు బిక్కమొహం వేశాడు.

“మళ్లీ వెళ్లిరండి,” అందామె నవ్వాపుకుంటూ. “మెత్తగా దిగేదాకా నాకు వేరే పనేం లేదు.”