బెల్టున్న వెనక సీటు

“సైకిల్ క్యారియర్‌కి బిగించే సీటు కావాలి బాబూ. ఆనుకోడానికి ఉండాలి, బెల్టూ ఉండాలి. దానికి పట్టుకుని కూర్చోవడం చేతకావట్లేదు, జారిపోతోంది,” అన్నాడు పెద్దాయన.

మనవరాలి కోసం వచ్చే తాతలంటే నాకు సరదా. కొట్లో ఉన్న మూడు సీట్లూ దించాను.

“బరువెంత ఉంటుందండీ?”

“నిన్న తూచారు. ముప్పై రెండు కిలోలు.”

“అమ్మో, బొద్దుపిల్లే! అయితే ఈ పెద్దది తీసుకోండి. నలభై దాకా మోస్తుంది.”

ఆయన నవ్వలేదు. సీటుని అరచేత్తో నొక్కి చూశాడు. “ఎముకలకి గుచ్చుకోదు కదా?”

బొద్దుపిల్లకి ఎముకలేమిటనుకున్నాను గానీ బేరం చెడుతుందని అనలేదు. మెత్త వేశాను. చక్రంలో కాళ్లు పడకుండా జాలీ చూపిస్తే తీసుకున్నాడు. బెల్లు మాత్రం వద్దన్నాడు, చప్పుడికి ఉలిక్కిపడుతుందట.

“కాళ్ల పలక కిందికి దించుకోవచ్చు, ఎదిగేకొద్దీ సరిపోతుంది. ఒళ్లు చేస్తే బెల్టు వదులు చేసుకోండి,” అన్నాను.

ఆయన బెల్టుని చివరి చిల్లుదాకా బిగించి చూశాడు.

“ఒళ్లు చేయదు బాబూ. పోయిన నెల నలభై ఉండేది. పెళ్లయిన దగ్గర్నుంచీ నా వెనకే కూర్చుంది, ఏనాడూ జారలేదు.”

జారింది నా నోరు. తల దించుకుని దబ్బనం తీశాను.

“బిగించుకోడానికి ఇంకెన్ని చిల్లులు పొడవమంటారు?”

“నెలకొకటి, రెండు చాలు. మూడో నెలదాకా ఉండదన్నాడు డాక్టరు.”