దిగుడుబావి లెక్క

"ఇంట్లో ఎవురికైనా నారికురుపు ఉండాదామ్మా?"

గుమ్మం ముందు నిలబడ్డ మనిషిని నాగక్క ఎగాదిగా చూసింది. యాభై ఏళ్లుంటాయి. చంకలో గుడ్డసంచి, చేతిలో పెన్సిలు, కాగితాలు. మెడలో చిన్న సిలువ.

"మా ఇంట్లో ఏ జబ్బూ ల్యాదు. ఎవురప్పా నువ్వు?"

"శాంతయ్య అంటారు. కడప నుంచి వచ్చినా. ఊరూరా జబ్బుల లెక్క రాస్తాండా."

లోపల ఆమె కొడుకు మద్దిలేటి మూలిగాడు. చీలమండ పుండులోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చింది. లాగితే తెగుతుందని, పుల్లకు చుట్టి రోజుకు వేలెడంత తీస్తున్నారు. ఆ ఎండాకాలం ఊళ్లో ఇంటికొకరు అలాగే మంచాన పడ్డారు.

అయినా శాంతయ్య తిరిగిన ముప్ఫై గడపల్లో ఒక్కరూ ఔననలేదు. నారికురుపు ఊరంటే పిల్లనెవరిస్తారు? పక్క ఊళ్లో ఇతన్ని చూసొచ్చిన పెద్దమనిషి రంగన్న, ఎవరూ నోరు విప్పకూడదని ముందురోజే కట్టడి చేశాడు. మద్దిలేటికైతే గురువారమే రాయచోటి నుంచి సంబంధంవాళ్లు రావాలి. పెళ్లికొడుకు పుండు పంచె కింద దాచొచ్చు, ఊరి పేరు ఎక్కడ దాస్తారు?

మూలుగు శాంతయ్య చెవిన పడింది.

"ఆ పిల్లోని పేరొక్కటి చెప్పమ్మా. దిగుడుబావి మెట్లు దిగి పుండ్లకాళ్లు ముంచిన నీళ్లే మళ్లా తాగుతాండారు. జబ్బు ఆడనే ఉండాది. మెట్లు మూసి గిలక పెట్టమని జిల్లా బోర్డుకు అర్జీ రాస్తా. జబ్బు లేని ఊరికి వాళ్లు దుడ్లియ్యరు."

"వానికి జరమప్పా. జరమని రాసుకో."

"నువ్వు ఊ అనందే నేను రాయకూడదమ్మా."

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది. నాగక్క మానం వైపే మొగ్గింది.

శాంతయ్య కాగితంలో సున్నా చుట్టాడు. "గుక్కెడు నీళ్లు పోస్తావామ్మా?"

సిలువ చూసిందిగా, చెంబు చేతికివ్వలేదు. పైనుంచి ఎత్తి పోయబోయింది.

"దిగుడుబావి నీళ్లేనా?"

"ఈ ఊర్లో ఇంగ యాడివప్పా?"

శాంతయ్య సున్నా చుట్టిన కాగితం వైపు చూశాడు. తర్వాత వంగి దోసిలి పట్టి, కడుపునిండా తాగాడు.

అంతలో రంగన్న వచ్చాడు. "ఊరి పరువు తీసేదానికొచ్చినావా? నడువ్!"

"పోతాండాలే సామీ" అని శాంతయ్య వెళ్లిపోయాడు.

గురువారం సంబంధంవాళ్లొచ్చారు. వాళ్లముందు మామూలుగా నడిచి చూపించబోయాడు మద్దిలేటి. నాలుగడుగులకే పురుగు లోపలే తెగి, కూలబడ్డాడు. కాలు వాచి, చీము పట్టి, చివరికి మోకాలు బిగుసుకుపోయింది. పాతికేళ్లవాడు మళ్లీ మడక పట్టి దున్నలేదు. వచ్చినవాళ్లు ఆ పూటే మజ్జిగైనా ముట్టకుండా బండి కట్టించుకున్నారు.

మరుసటి ఎండాకాలం బోర్డు ఓవర్సీరు ఊళ్లో దిగాడు. వెనక బండ్లలో రాళ్లు, సున్నం, ఇనప గిలక.

రంగన్నకు కోపం నషాళానికంటింది. "మా ఊర్లో జబ్బుందని చెప్పిందెవుడు?"

"పోయినేడు మీ ఊరు సున్నా. ఈ ఏడు లెక్కలో ఒక్క పేరుంది. దానిమీదే గిలక వచ్చింది" అన్నాడు ఓవర్సీరు.

అందరూ నాగక్క వైపు తిరిగారు.

"నేను చెప్పలా" అంది నాగక్క. "చెప్పింటే బాగుండు. వచ్చినోళ్ల ముందర నా కొడుకును నడిపించకుండా ఉందును. రాసుకునేదానికొచ్చిన ఆయప్ప మళ్లా వస్తే, కాళ్లు పట్టుకోని నిజం చెప్దామని ఏడాదిగా కాచుకోనుండా. ఆయప్ప యాడుండాడు సామీ?"

ఓవర్సీరు తలపాగా తీశాడు.

"మీ ఊరి నీళ్లతో పట్టిన నారికురుపు కుళ్లి, పోయిన నెల కడప ఆసుపత్రిలో పోయినాడమ్మా, మీ ఊరి లెక్కలో తన చేత్తో రాసిన ఆ ఒక్క పేరు ఆయనదే."